నేను 1040 ఫారాన్ని

అమెరికాలో ఆదాయపు పన్ను లెక్క రాసిచ్చే కాగితాన్ని నేను. 1913లో రాజ్యాంగానికి పదహారో సవరణ వచ్చి, ఆదాయం మీద పన్ను వేసే అధికారం కాంగ్రెస్‌కు దక్కిన ఏడాది నాకు మూలం. అప్పట్లో ఎంతటి సంపన్నుడికైనా గరిష్ఠ రేటు 7 శాతమే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అది 94కి ఎగబాకింది, 1988 నాటికి 28కి దిగింది. రేట్లు ఎక్కడం, దిగడం నాకు అలవాటే. ఈ శతాబ్దంలో నన్ను విసిగించింది మరొకటి: ఫలానా తేదీకి చెల్లిపోతానని ముందే చెప్పుకుని వచ్చే తగ్గింపు. దాన్ని పొడిగించాలా వద్దా అని రిపబ్లికన్లూ డెమొక్రాట్లూ తలపడటమే జనానికి కనిపిస్తుంది. అసలు చిక్కు మాత్రం ఆ గడువు పెట్టిన రోజునే ఉంది. అది మంచిచెడ్డలు చూసి పెట్టిన గడువు కాదు, ఖర్చు తక్కువగా చూపడానికి పెట్టింది.

సెనేట్‌లో మామూలు బిల్లు మీద చర్చ ముగించడానికి 60 ఓట్లు కావాలి. బడ్జెట్ రీకన్సిలియేషన్ దారిలో వెళితే సాధారణ మెజారిటీ చాలు. కానీ ఆ దారికి సెనేటర్ రాబర్ట్ బర్డ్ పేరిట ఒక నియమం అడ్డుంది: బడ్జెట్ లెక్క వేసిన కాలం దాటాక లోటు పెంచేదేదీ అందులో ఉండకూడదు. అందుకే, గరిష్ఠ రేటును 39.6 నుంచి 35కి దించే దారి వేసిన 2001 బుష్ చట్టం, 2010 డిసెంబరు 31తో తానే ముగుస్తానని రాసుకుంది. 2017లో ట్రంప్ చట్టం కార్పొరేట్ పన్నును 35 నుంచి 21కి శాశ్వతంగా దించి, నా మీద రాసే వ్యక్తుల రేట్లకు మాత్రం 2025 గడువు పెట్టింది. లెక్క కుదరాలంటే ఎవరి తగ్గింపో ఒకటి ఆగాలి. ఆగుతుందని రాయడానికి అన్నిటికంటే తేలికైనది ఓటర్ల తగ్గింపే, ఎందుకంటే దాన్ని రేపు నిజంగా ఆపే ధైర్యం ఎవరికీ ఉండదు.

గడువుంటే మంచిదే కదా, అప్పుడప్పుడూ లాభనష్టాలు తూచుకోవచ్చు అనేవాళ్లున్నారు. వినడానికి బాగుంది, జరిగింది మాత్రం అది కాదు. 2010లో బుష్ తగ్గింపును రెండున్నర లక్షల డాలర్లలోపు కుటుంబాలకే పొడిగిద్దామని అధ్యక్షుడు ఒబామా అన్నారు, అందరికీ ఇవ్వాలని రిపబ్లికన్లు పట్టుబట్టారు. చివరికి డిసెంబరు 17న నిరుద్యోగ భృతి పొడిగింపుతో కలిపి అందరికీ మరో రెండేళ్లు ఇచ్చేశారు. ఆ గడువు కూడా తీరిపోయాక, 2013 జనవరి 1న రాజీ కుదిరింది: నాలుగున్నర లక్షలు దాటిన దంపతులకు పాత 39.6, మిగిలిన రేట్లు శాశ్వతం. 2025లో కొత్త చట్టం ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో సెనేట్‌లో 51-50గా గట్టెక్కడంతో, 2017 రేట్లూ శాశ్వతమయ్యాయి. ప్రతిసారీ తీర్పు చెప్పింది సామాన్యుడికి పన్ను పెరుగుతుందన్న బెదురే. డెమొక్రాట్లూ ఇందుకు అతీతులు కారు. 2021లో పిల్లల పన్ను రాయితీని 3,600 డాలర్ల దాకా పెంచింది ఒక్క ఏడాదికే, పొడిగించే బలం చాలక అది చెల్లిపోయింది. మేలు తక్కువైనందుకు కాదు, ఓట్లు చాలనందుకు.

పన్ను తగ్గితే వ్యాపారం పెరిగి ఆ డబ్బు ఖజానాకే తిరిగొస్తుందన్నది రెండో వాదన. కొంత వస్తుంది, నిజమే, అంతా రాదు. 2001 జనవరిలో కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీసు పదేళ్లలో 5.6 లక్షల కోట్ల డాలర్ల మిగులు ఉంటుందని అంచనా వేసింది. ఆ మిగులు కరిగిపోయింది. యుద్ధాలకూ మాంద్యాలకూ అందులో వాటా ఉంది, నింద మొత్తం రేట్ల మీద వేయడం న్యాయం కాదు. రేట్ల తగ్గింపుకు వాటాయే లేదనడమూ న్యాయం కాదు. 2025 చట్టం పదేళ్లలో 3.4 లక్షల కోట్ల డాలర్ల లోటు పెంచుతుందని అదే ఆఫీసు లెక్కగట్టింది. సెనేట్ రిపబ్లికన్లేమో, ఈ రేట్లు ఇప్పటికే అమల్లో ఉన్నాయి గనక కొనసాగించడానికి ఖర్చే లేదన్నారు. 2017లో ఆగిపోతాయని చూపి ఖర్చు తగ్గించారు, 2025లో ఆగవని చూపి ఖర్చు మాయం చేశారు. రెండు లెక్కలూ ఒకే తగ్గింపువి.

పన్ను ఎంతుండాలో తేల్చుకోవలసింది ప్రజలు, నేను కాదు. తగ్గించండి, పెంచండి, మీ ఇష్టం; కానీ పూర్తి ఖర్చు మొదటి రోజే రాయండి. అమెరికాలో ఏటా ఏప్రిల్ 15లోగా నన్ను నింపే తెలుగువాళ్లకూ ఒక మాట: 2025 చట్టంలోనే టిప్పులకూ, ఓవర్‌టైముకూ, వృద్ధులకూ ఇచ్చిన కొత్త మినహాయింపుల గడువు 2028. తర్వాతి పోట్లాట తేదీ అప్పుడే ఖాయమైపోయింది.