తీర్మానాల పుస్తకం ఆత్మకథ

రాయలసీమలో, ముదిగుబ్బలోని ఒక మహిళా పొదుపు సంఘానికి నేను తీర్మానాల పుస్తకాన్ని. కాగితం, అట్ట, కుట్టుదారం తప్ప నా పుట్టుకలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. నాకు విలువ తెచ్చింది మొదటి పేజీలో పడిన వేలిముద్రలు. కరువు సీమలో సంసారాన్ని ఈడ్చుకొచ్చేది తల్లేనని అందరూ అంటారు. నన్నడిగితే అది సగం నిజమే. ఏ తల్లీ ఒంటరిగా ఈడ్చలేదు. పక్కింటి తల్లి, ఎదురింటి తల్లి ఆమె కోసం పూచీ పడ్డారు కాబట్టే ఆమె మాట ఇంట్లో చెల్లింది. ఈ సంగతి గట్టిగా చెప్పే హక్కు నాకుంది, ఎందుకంటే ఆ పూచీలన్నీ నా మీదే రాశారు.

ఈ ప్రాంతంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. దాన్ని నమ్ముకునే శెనక్కాయ వేస్తారు. అదను తప్పితే మగవాళ్లు బెంగళూరుకో, కేరళకో పనికి పోతారు. ముసలివాళ్లు, పశువులు, బడికెళ్లే పిల్లలు, షావుకారు బాకీ, అన్నీ ఆడమనిషి మీద పడతాయి. భారమంతా ఆమెదే, కానీ అప్పట్లో పట్టా ఆమె పేరున ఉండేది కాదు, తాకట్టు పెట్టడానికి ఏమీ ఉండేది కాదు, బ్యాంకు గడప ఎక్కే దారి ఉండేది కాదు. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు మొదలుపెట్టిన పద్ధతి ఈ ముడిని విప్పింది. ఆస్తి తాకట్టు అడగకుండా సంఘానికే అప్పు ఇవ్వవచ్చని తేల్చింది. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకం అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలకు వచ్చింది. 2000లో ‘వెలుగు’ పథకం వచ్చింది. రోజుకు రూపాయి పొదుపు, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, ఇదంతా చాలామందికి తెలిసిన చరిత్రే.

చాలామందికి తెలియనిది నా లోపల ఉంది. నాలో అప్పు మొత్తం ఒక్క వరుసలో ఉంటుంది. దాని పైన, ముందు ఎవరికివ్వాలి, ఎందుకివ్వాలి అన్న చర్చ పేజీ నిండా ఉంటుంది. ఆస్పత్రిలో ఉన్న బిడ్డ కోసం అడిగినామెకు మొదట, విత్తనాలు కొనాలన్నామెకు తర్వాత, పెళ్లి ఖర్చుకు ఆ తర్వాత. ఈ వరుసను ఏ అధికారీ నేర్పలేదు. ఎవరింట్లో ఎన్ని పూటలు పొయ్యి వెలిగిందో తెలిసినవాళ్లు కూర్చుని తేల్చుకున్న వరుస అది. భర్త వలసపోయి డబ్బు పంపని నెలలో ఒకామె కంతు తప్పితే, మిగిలినవాళ్లు తలా కొంచెం వేసి కట్టి, ఆమె తీర్చాల్సిన గడువును నా మీద రాయించారు. తాగొచ్చి పెండ్లాన్ని కొట్టే ఇంటికి అందరూ కలిసి పోవాలని రాసుకున్న తీర్మానాలూ ఉన్నాయి. ఇది మా ఊరి ప్రత్యేకత కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు 1992లో సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. ఒక్క తల్లి వెళ్లి అడిగితే గొడవ అంటారు, పది మంది వెళ్తే జవాబు చెప్పక తప్పదు.

దీనికి ఎదురుచెప్పేవాళ్లు బలమైన మాటే అంటారు. ఉమ్మడి పూచీ అంటే ఉమ్మడి ఒత్తిడి కాదా, కట్టలేనామె గడప ముందు తోటి ఆడవాళ్లనే కూర్చోబెట్టడం కాదా అని. జరిగింది, కాదనను. సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు రాష్ట్రంలో ఎందరి ప్రాణాలమీదికి తెచ్చాయో, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు ఎందుకు తేవాల్సి వచ్చిందో గుర్తున్నవాళ్లు ఉన్నారు. వారం వారం ఇంటి దగ్గర కాదు, నెలకోసారి అందరూ చూసే చోట వసూలు చేయాలని చట్టం చెప్పాల్సి వచ్చింది. కానీ ఆ సంస్థలు సంఘం నుంచి తీసుకున్నది పూచీని మాత్రమే. అప్పు ఎవరికి అవసరం, ఎవరికి గడువు పెంచాలి అని తేల్చే అధికారాన్ని తల్లుల చేతిలో ఉంచలేదు. తీర్మానం లేని పూచీ వసూలు కిందే తేలుతుంది. కాబట్టి 2010 నా వాదానికి అడ్డురాదు, దాన్నే నిలబెడుతుంది.

ఇంకో మాట ఉంది. ఇంటి బరువుకు తోడు సంఘం బరువు కూడా ఆడవాళ్ల నెత్తినే పెట్టి, తండ్రులను తప్పించారని. ఇందులో నాకు వాదులాడేందుకు ఏమీ లేదు. సంఘం బరువును పంచింది, తగ్గించలేదు. సంతకం భార్యది, డబ్బు ఖర్చు భర్తది అయిన అప్పులు ఎన్నో నా పేజీల్లోనే ఉన్నాయి. అయినా అలాంటివి నలుగురిలో బయటపడి, మరుసటిసారి ఆమెకు ఇచ్చేముందు నలుగురూ ప్రశ్నించింది కూడా ఈ పేజీల సాక్షిగానే.

ఇప్పుడు నేను మిద్దె గోడలోని గూట్లో పడున్నాను. అట్ట ఊడింది. చెదలు అంచుల నుంచి లోపలికి వస్తున్నాయి. కొన్ని పేజీలు చింపి ఉడకబెట్టిన శెనక్కాయలు పొట్లం కట్టారు. ఏ తల్లి గోడు అందులో పోయిందో చించినవాళ్లు చూడలేదు. ఒకప్పుడు నన్ను పసుపు గుడ్డలో చుట్టి, సమావేశానికి ముందు చాప మీద పెట్టేవాళ్లు. లెక్కలు ఫోనుల్లోకి ఎక్కాయి, నాకు కోపం లేదు. కూడికలు తప్పకపోవడం మంచిదే. నా బాధ వేరు. ఫోనులో అప్పు ఎంత, కంతు ఎప్పుడు అన్నది కనిపిస్తుంది. నా పేజీల్లో నిండిన చర్చకు అక్కడ చోటు లేదు. అది రాయడం మానేస్తే కొన్నాళ్లకు మాట్లాడటమూ మానేస్తారు. అప్పుడు సంఘంలో మిగిలేది కంతుల పట్టికే. నన్ను బూజు దులిపి దాచిపెట్టనక్కర్లేదు, కొత్త పుస్తకం కొనండి చాలు. వచ్చే సమావేశంలో అప్పు మొత్తం కంటే ముందు, అడిగినామె ఎందుకు అడిగిందో, మిగతావాళ్లు ఏమన్నారో రాయించండి. వేలిముద్ర వేసేవాళ్లుంటే చదివి వినిపించాకే వేయించండి.