కొట్టేసిన వాక్యం

పటాన్‌చెరులో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాయడం నా పని. ముప్పై ఏళ్లలో రాసిన వాక్యాలు ఏవీ గుర్తులేవు గానీ, కొట్టేసిన వాక్యం ఒకటి మాత్రం గుర్తుంది.

2012లో కర్దనూర్ నుంచి ఒక పెద్దాయన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఔటర్ రింగ్ రోడ్డు పుణ్యమా అని అక్కడి జొన్నచేలు గజాల లెక్కన అమ్ముడవుతున్న రోజులు. ఇక్రిశాట్ పొలాల్లో ఏళ్ల తరబడి కూలి చేసి కొనుక్కున్న రెండెకరాలను కొడుకులకు చెరో ఎకరం దానపత్రం రాయమన్నాడు.

చిత్తుప్రతి చివర అలవాటుగా ఒక షరతు పెట్టాను. తండ్రికి తిండి, బట్ట, వైద్యం కొడుకులు చూడాలి, చూడకపోతే ఈ దానం చెల్లదు అని. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. ఇచ్చిన ఆస్తి వెనక్కి రావాలంటే దానికి ఆ ఒక్క వాక్యమే పట్టుకొమ్మ.

చదివి వినిపించగానే పెద్దాయన నొచ్చుకున్నాడు.

"అది కొట్టెయ్యి సారూ. కన్న కొడుకుల మీద గింత అనుమానమా?"

అడ్డంగా గీత గీశాను. కొడుకులిద్దరూ నేల చూపులు చూశారు.

పన్నెండేళ్లకు ఆయన మళ్లీ కనిపించింది సంగారెడ్డి ఆర్డీవో ఆఫీసు వరండాలో. పక్కన వృద్ధాశ్రమం మేనేజరు, అతని చేతిలో ఒప్పంద పత్రం. నెలకు 14,000, ఏటా పది శాతం పెంపు, కింద పెద్ద కొడుకు సంతకం. ఆర్నెల్లు సజావుగా కట్టారట. తర్వాత "తమ్ముని వాటా తమ్మున్నే అడుగుండ్రి" అని పెద్దవాడు, "సంతకం పెట్టింది నేనా?" అని చిన్నవాడు. ఐదు నెలల బాకీ 70,000 అయ్యేసరికి, మేనేజరే పెద్దాయన చేత వేలిముద్ర వేయించి ఆయన తరఫున అక్కడి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టించాడు.

నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం. తేలింది. భరణం నెలకు 10,000 దాటకూడదని కూడా చట్టమే. కొడుకులు చెరో ఐదు వేలు ఇవ్వాలన్నారు. మరి మిగతా నాలుగు వేలు? అది బయట వేపచెట్టు కింద తేలింది. పెద్దాయన విడి గది ఖాళీ చేసి ఆరు మంచాల హాల్లోకి మారాలి, ఆశ్రమం పాత బాకీలో సగం వదులుకోవాలి. ముగ్గురూ చేతులు కలుపుకున్నారు. నాలుగో మనిషిని ఎవరూ అడగలేదు.

ఆయన నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. "భూమి వాపస్ అడగొచ్చునా సారూ?"

దానపత్రం నకలు తిరగేశాను. షరతు లేదు. అలాంటి షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నేను నోరు తెరవకముందే ఆయనే అన్నాడు: "యాదికొచ్చింది. నేనే కొట్టిపిచ్చిన."

నెల తిరక్కుండా పెద్ద కొడుకు నా బల్ల ముందు కూర్చున్నాడు. తండ్రి ఇచ్చిన ఎకరంలో ప్లాట్లు అమ్మగా వచ్చిన డబ్బుతో కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు తన కొడుకు పేర రాయాలట.

"ఒక షరతు గట్టిగ రాయాలె సారూ. పోరడు నన్ను సూడకుంటే ఇల్లు నాకే రావాలె. 23వ సెక్షన్ అట గద, ఆర్డీవో ఆఫీసుల ఇన్న. ఆ నంబరు సుత పెట్టు."

రాశాను. దానపత్రానికి ఇద్దరు సాక్షులు కావాలన్నాను.

"ఒకడు మా దోస్తు. ఇంకొకరికి మా నాయినను పట్టుకొస్త. ఆశ్రమంల ఖాళీగనే కూసున్నడు గద!"

మర్నాడు కారులో తీసుకొచ్చాడు. పెద్దాయనకు పత్రమంతా చదివి వినిపించాను. షరతు దగ్గరకొచ్చేసరికి నా గొంతే ఆగింది. ఆయన మాత్రం తాపీగా విన్నాడు. అరిగిపోయిన బొటనవేలు ఇంకుప్యాడ్ మీద అద్ది, సాక్షి గడిలో నొక్కాడు. వేలి ఇంకును తల పక్క రుద్దుకుంటూ కొడుకును చూసి మురిసిపోయాడు.

"మావోడు నా లెక్క కాదు సారూ. హుషారున్నడు."