ఫిల్టర్ బెడ్డు ఆత్మకథ

నేను పని చేస్తున్నప్పుడు చూడడానికి ఏమీ కనబడదు. చక్రం తిరగదు, చప్పుడు ఉండదు. నాలుగు సిమెంటు గోడలు, వాటి మధ్య మీటరు లోతు నీళ్లు, నీళ్ల కింద మీటరు మందాన సన్నటి ఇసుక, ఇసుక కింద గులకరాళ్లు, అన్నిటికీ అడుగున చిల్లుల గొట్టాలు. రావికమతం వైపు, తూర్పు కనుమల కొండలు దగ్గరగా కనబడే చోట, కొన్ని ఊళ్లకు మంచినీళ్లిచ్చే పథకంలో నేనొక ఫిల్టర్ బెడ్డుని. కాగితాల మీద నన్ను స్లో శాండ్ ఫిల్టర్ అని రాస్తారు.

నన్ను కట్టిన రోజుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఏటి ఇసుక తెచ్చి, జల్లించి, మట్టి పోయేదాకా కడిగి పోశారు. రేణువు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని పట్టుబట్టిన ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. జల్లెడ దగ్గర తానే నిలబడ్డాడు. ఇన్నేళ్లు బతికానంటే ఆ పట్టుదల వల్లే.

నీళ్లు నాలోంచి గంటకు పది నుంచి ఇరవై సెంటీమీటర్లు దిగుతాయి, జానెడైనా కాదు. పట్నాల్లో ఉండే ర్యాపిడ్ ఫిల్టర్లలో గంటకు అయిదారు మీటర్లు దిగుతాయి. వాటికి పటిక కలపాలి, మోటార్లు పెట్టి నీళ్లు వెనక్కి కొట్టి కడగాలి. నాకు అవేవీ అక్కర్లేదు. నాకు కావలసింది కాలం. నీళ్లు పారడం మొదలైన కొన్ని రోజులకు ఇసుక పైన సన్నని పాచి పొర కడుతుంది. అందులో కంటికి కనబడని జీవులు లక్షల్లో బతుకుతాయి. నీటితో వచ్చే రోగక్రిముల్ని తినేవి అవే. ఇసుక మురికిని ఆపుతుంది, రోగాన్ని ఆపేది మాత్రం ఎక్కువగా ఆ పొరే. నీళ్లు ఆగిపోతే దానికి గాలి అందదు, చచ్చిపోతుంది. అందుకే నన్ను రాత్రీ పగలూ పారనివ్వాలి.

మాది చాలా పాత వంశం. 1804లో స్కాట్లాండులోని పైస్లీలో జాన్ గిబ్ అనే ఆయన తన బట్టల చలువ కార్ఖానా కోసం ఇసుక వడపోత కట్టి, మిగిలిన నీళ్లు ఊరికి అమ్మాడు. 1829లో జేమ్స్ సింప్సన్ లండన్‌లో థేమ్స్ నీటికి మమ్మల్ని పెట్టాడు. కానీ నేను గర్వంగా తలుచుకునేది 1892. జర్మనీలో ఎల్బె నది ఒడ్డున హాంబర్గ్, ఆల్టోనా అప్పట్లో పక్కపక్క ఊళ్లు, మధ్య సరిహద్దు ఒక వీధి. హాంబర్గ్ నదినీళ్లను వడపోయకుండానే తాగింది. ఆల్టోనా ఇంకా దిగువన, హాంబర్గ్ మురుగంతా కలిసిన నీళ్లే తోడుకుంది, కాని మాలాంటి ఇసుక బెడ్లలో వడపోసి తాగింది. ఆ యేటి కలరాకు హాంబర్గ్‌లో 8,600 మందికి పైగా పోయారు. ఆల్టోనా చాలావరకు బయటపడింది. ఒకే వీధిలో ఒక వైపు ఇళ్లలో ఏడుపులు, రెండో వైపు ఇళ్లలో పొయ్యి మీద అన్నం. రాబర్ట్ కోచ్ అంతటివాడు అది చూసి వడపోత విలువను లోకానికి చెప్పాడు.

మన దగ్గర హైదరాబాదు కథ తెలిసిందే. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి నీళ్లు ఆసిఫ్‌నగర్, మీరాలం ఫిల్టర్ల మీదుగా ఊళ్లోకి వెళ్లేవి. చెరువు కట్టినవాళ్ల పేరు అందరికీ గుర్తుంటుంది. ఆ నీళ్లను తాగేట్టు చేసిన ఫిల్టరు ఎవరికి గుర్తు?

నా మొదటి కాపరి వాల్వులు తిప్పే ముసలాయన. వానాకాలం కొండవాగు నీళ్లు ఎర్రగా దిగితే నాలోకి రానిచ్చేవాడు కాదు. బురద ఎక్కువైతే నేను పూడుకుపోతానని ఆయనకు తెలుసు. నీళ్లు తేరేదాకా ట్యాంకులో నిలబెట్టేవాడు. గట్టు మీద బిందెలు పట్టుకుని ఆడవాళ్లు కేకలేస్తే, "కొండ మీద ఓన పడ్డాది తల్లీ, తేట దేరనీ" అనేవాడు. నీళ్లు దిగడం బాగా మందగించాక నా మీది నీళ్లు దించి, పలక పారతో పైన రెండు మూడు సెంటీమీటర్ల ఇసుక మాత్రం గీసేవాడు. గీసిన ఇసుకను కడిగి కుప్ప పోసి దాచేవాడు, మళ్లీ నాలోనే పోయడానికి.

ఆయన పోయాక ఆ కుప్ప పోయింది. ఎవరింటి అరుగులోకి వెళ్లిందో తెలియదు. తరవాత వచ్చినవాళ్లు గీయడం మాత్రం నేర్చుకున్నారు, తిరిగి పోయడం నేర్చుకోలేదు. మీటరు ఇసుక మోకాలి లోతయింది, తరవాత పిక్క లోతయింది. అర మీటరుకు తగ్గితే నేను నీళ్లు సరిగా శుభ్రం చెయ్యలేను. అయినా కుళాయిల్లో నీళ్లు వస్తూనే ఉన్నాయి కాబట్టి ఎవరూ లోపలికి తొంగిచూడలేదు.

ఒక వేసవిలో పై అధికారులు వస్తున్నారని కబురందింది. నా మీది పాచి చూసి అసహ్యించుకుని బస్తాల కొద్దీ బ్లీచింగ్ పొడి చల్లారు. అధికారుల కళ్లకు నేను తెల్లగా కనబడ్డాను. కాని నాలో బతికినదంతా ఆ పూటే చచ్చిపోయింది. బ్లీచింగ్ వడకట్టిన నీటిలో కలపాలి, ఇంటి కుళాయి దాకా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలేట్టు. వడకట్టే జీవుల నెత్తిన పొయ్యకూడదు. ఈ మాట చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.

ఆ తరవాత నాలోంచి నీళ్లు సరిగా దిగలేదు. బైపాస్ వాల్వు తిప్పేశారు. వాగు నీళ్లు నన్ను తాకకుండానే ట్యాంకుకెక్కి ఊళ్లకు వెళ్లాయి. ఇసుకలో తుమ్మ మొలకలు లేచాయి. మేకలు గోడ దూకి వచ్చి మేశాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది నా గేటు ముందు నుంచే రోజూ ఆటోలో వెళ్లే ఇరవై లీటర్ల టిన్నులు. చెరుకు కోతకు వెళ్లే కూలీ కూడా తాగేనీళ్లు కొనుక్కోవలసి వచ్చింది. డబ్బున్నవాడు టిన్ను కొన్నాడు, లేనివాడు బైపాస్ నీళ్లు తాగాడు.

2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రాణాలు తీసింది. ఇలాంటి రోగం పైపుల వల్లా రావచ్చు. పాతబడ్డ పైపు మురుగుకాలవలోంచి పోతుంటే, నీళ్లు వదలని వేళ పైపులో ఒత్తిడి తగ్గి, పగుళ్లలోంచి మురుగు లోపలికి చేరుతుంది. అంటే నేనొక్కదాన్ని బాగుపడితే చాలదు, నా తరవాత ఊళ్లోకి వెళ్లే పైపులూ బాగుపడాలి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ఇంటింటికీ కుళాయి అంది, మనిషికి రోజుకు 55 లీటర్లంది. చాలా మంచి మాట. ఆ కుళాయి వెనకాల నాలాంటివి ఎలా ఉన్నాయో కూడా ఎవరైనా చూడాలి కదా.

మరమ్మతు పేరుతో మొదటిసారి గోడలకు నీలం రంగు వేసి వెళ్లిపోయారు. ఈసారి వచ్చినవాళ్లు వేరు. ఇసుకంతా బయటికి తోడారు. గులకరాళ్లెత్తి, పూడిన చిల్లుల గొట్టాలు మార్చారు. తుప్పుపట్టి కదలని వాల్వు కడ్డీలు విప్పి కొత్తవి బిగించారు. కొత్త ఇసుకను జల్లెడ పట్టి, నీళ్లసీసాలో వేసి కుదిపి మట్టి తేలుతోందా అని చూశారు. పోశాక నీళ్లు పైనుంచి వదలలేదు. అడుగు గొట్టాల్లోంచి మెల్లగా పైకి ఎక్కించారు, ఇసుక రేణువుల మధ్య గాలి బయటికి పోవాలని. ఆ పని తెలిసినవాళ్ల చేతులు నాకు చాలా ఏళ్ల తరవాత తగిలాయి.

ఇప్పుడు నా మీద నీళ్లున్నాయి, పొర ఇంకా కట్టలేదు. మొదటి రెండు మూడు వారాలు నాలోంచి దిగిన నీళ్లు బయటికి వదిలేయాలి, పరీక్షలో బాగున్నాయని తేలాకే ట్యాంకుకు పంపాలి. ఆ రోజుల్లో ఊళ్లో నీళ్ల ఎద్దడి వస్తుంది, బిందెలతో జనం గేటు దగ్గరికి వస్తారు, ఫోన్లు వస్తాయి. అప్పటిదాకా ట్యాంకర్లతో సర్దుకోండి. బైపాస్ వాల్వుకు తాళం వేసి, తాళం చెవి పని తెలిసినవాడి దగ్గర ఉంచండి.