సిస్టమ్ మాస్టారు

సిస్టమ్ మాస్టారు అంటే, వీధిలో ఎవరింట్లోనైనా పాత డెస్క్‌టాప్ ఆన్ అవనని మొరాయిస్తే పిలవకముందే గుమ్మంలో నిలబడే పెద్దమనిషి. గోదావరి జిల్లాల్లో మాస్టారు అనిపించుకోడానికి బడిలో పాఠం చెప్పి ఉండనక్కర్లేదు, కళ్లజోడూ జేబులో పెన్నూ ఉంటే చాలు. ఈయన జేబులో పెన్ను పక్కన టెస్టరు కూడా ఉంటుంది. కరెంటు చూడటానికీ, స్క్రూలు విప్పడానికీ, వీపు గోక్కోవడానికీ అదే సాధనం. రిపేరు షాపు కుర్రాడికి సిస్టమ్ లేస్తే పని అయిపోయినట్టే. మాస్టారికి అది ఎందుకు లేవలేదో నలుగురి ముందూ చెప్పడం అసలు పని. లేవడమన్నది కొసరు.

ఈయన ఎక్కువగా కనిపించే చోటు డీటీపీ సెంటరు. శుభలేఖలు వేసే కొట్లలో విండోస్ ఎక్స్‌పీ ఇంకా కొన ఊపిరితో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ దానికి 2014 ఏప్రిల్ 8న సపోర్టు ఆపేసింది. అందులో వాడే పేజ్‌మేకర్ 7.0 2001 నాటిది. అయినా అను ఫాంట్లలో కూర్చిన ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఆ డబ్బాలోనే ఉంటాయి కనక ఓనరు దాన్ని వదలడు. అదేమో మూఢమంతా శుభ్రంగా పనిచేసి, ముహూర్తాల వారంలో పడకేస్తుంది. ఇళ్లలోనైతే, ఇప్పుడు అమెరికాలో ఉన్న అబ్బాయి ఇంజనీరింగులో ఉండగా కొన్న సిస్టమ్, దాని మీద అల్లిక గుడ్డ.

పరీక్ష వాకబుతో మొదలవుతుంది. “నిన్న రాత్రి దాకా బానే పనిచేసిందండీ మాస్టారూ” అంటారు ఇంటివారు. “ఆయ్, పోయినవన్నీ నిన్నటిదాకా పనిచేసినవేనండి” అంటారాయన. తర్వాత చూడవలసినవి ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, యూపీఎస్, మానిటరు కేబులు. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. అందుకే మాస్టారికి ఈ అంచె గిట్టదు. ప్లగ్గు ఊడిందని చెప్పి లేచొచ్చేస్తే కాఫీ ఏ మొహంతో తాగడం?

కాబట్టి ఆయన నేరుగా ఎస్సెంపీయెస్ దగ్గరికి వెళ్తారు. ఈ రేకు డబ్బా గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకి పంచుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి పంచినట్టేనండీ అని మాస్టారి పోలిక. చెడ్డ పోలికేం కాదు. డబ్బా బతికుందో లేదో తేల్చడానికి, దాన్ని బోర్డు నుంచి విడదీసి, పెద్ద కనెక్టరులో పచ్చ తీగని పక్కనున్న నల్ల తీగకి కలపాలి. తూము ఎత్తినట్టు ఫ్యాను తిరుగుతుంది. ఫ్యాను తిరిగినంత మాత్రాన సరిపోదు. బరువు పడ్డప్పుడు వోల్టేజి దిగిపోయే డబ్బాలుంటాయి, కాలవ నిండుగా ఉన్నా శివారు భూములకి నీరందనట్టు. ఈ మాట వినడానికి పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు. పాత డబ్బాల వెనక 115, 230 అని రాసి చిన్న ఎర్ర స్విచ్చు ఉంటుంది. దాన్ని ఏ పిల్లాడో 115 వైపు జరిపి ప్లగ్గు పెడితే ఢామ్మని పేలుతుంది. ఆ శబ్దం తాను స్వయంగా విన్నానని ప్రతి మాస్టారూ చెబుతారు.

క్యాబినెట్ విప్పాక ఆ ఇంటి చరిత్ర బయటపడుతుంది. దసరా ఆయుధపూజలో వేసిన అక్షింతలు గాలి కన్నాల్లోంచి దిగి ఫ్యాను కింద కుప్పపడి ఉంటాయి. పవరు తీగల పక్కన మాడిన బల్లి. బల్లి తల మీద పడితే ఏం ఫలమో, భుజం మీద పడితే ఏం ఫలమో చెప్పే శాస్త్రంలో మదర్‌బోర్డు మీద పడితే ఏమవుతుందో లేదు. ఆ అధ్యాయం మాస్టారు పూరిస్తారు.

తర్వాత ర్యామ్. కోనసీమ తేమకి, ఉప్పుగాలికి దాని అంచున ఉన్న బంగారు పూత గీతల మీద మకిలి పడుతుంది. పిల్లల రబ్బరుతో రుద్ది, గట్టిగా నొక్కి పెడితే చాలాసార్లు డిస్‌ప్లే వచ్చేస్తుంది. మాస్టారి కీర్తిలో ముప్పాతిక వంతు ఆ రబ్బరుదే.

రాకపోతే బోర్డు వేసే కూతలు వినాలి. ఇక్కడ తెలుగు పండితులుగా రిటైరైన మాస్టార్లని మించినవారు లేరు. అవార్డ్ బయోస్ ఉన్న బోర్డులో ఒక్క లఘువు పలికితే అంతా క్షేమం. గురువు మీద గురువు ఆగకుండా వస్తుంటే ర్యామ్ దోషం. ఒక గురువు, రెండు లఘువులు వస్తే డిస్‌ప్లే కార్డు తంటా. “భగణం పడిందండీ!” అని ఆయన కళ్లు మూసుకుంటారు. నన్నయ ఉన్న సీమ కదా, ఆ మాత్రం ఉంటుంది. అమీ బయోస్ అయితే ఛందస్సు వేరు, ఆయన దాన్ని ఒప్పుకోరు.

బిళ్ల బ్యాటరీ మార్చడం లాంఛనం. సీఆర్2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. అది నీరసిస్తే సాధారణంగా తేదీ వెనక్కి పోతుంది తప్ప సిస్టమ్ చావదు. అయినా మార్పిస్తారు. కెపాసిటర్ల సంగతి అలా కాదు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన బోర్డుల్లో నాసిరకం ద్రావణం పోసిన కెపాసిటర్లు ప్రపంచమంతా పాడయ్యాయి. పైభాగం బల్లపరుపుగా ఉండాల్సింది పూరీలా పొంగి, గోధుమరంగు జిగురు కారుతుంది. అది కంటపడ్డాక మాస్టారు కళ్లజోడు తీసి, వరండాలోకి నడిచి, ఇంటి యజమానిని మాత్రం పక్కకి పిలిచి గొంతు తగ్గించి “మదర్‌బోర్డండి” అంటారు. లోపలినుంచి రెండో కాఫీ వస్తుంది.

హార్డ్‌డిస్కు ఊడదీసి పెళ్లి ఫొటోలు వేరే సిస్టమ్‌లోకి ఎక్కించే పని షాపు కుర్రాడికి పడుతుంది. ర్యామ్ మాత్రం మాస్టారు “ఉంచుతానండీ, ఎవరికైనా పనికొస్తుంది” అని జేబులో వేసుకుంటారు. ఇంట్లో ఆయనకో బిస్కెట్ల డబ్బా ఉంటుంది. అందులో డీడీఆర్, డీడీఆర్2, డీడీఆర్3 కలగలిసి ఉంటాయి. ఒక్కోదానికి గాడి ఒక్కోచోట, ఒకదాని స్లాటులో ఇంకోటి పట్టదు. ముమ్మిడివరంలో సిస్టమ్ ఆన్ అవటం లేదని కబురొస్తే, ఆ డబ్బా చంకన పెట్టుకుని మొదటి బస్సెక్కుతారు.