చలి వెయ్యట్లేదే!

న్యూజెర్సీలో మా అక్కావాళ్లింటికి వెళ్తే బావగారు మంచినీళ్లకన్నా ముందు టెంపరేచర్లు చెబుతారు. "బయట 19, హాల్లో 70, పైన నీ గదిలో 67." అవి ఫారెన్‌హీట్ లెక్కలని తెలియక మొదటిసారి నేను హడలిపోయాను. ఆ మూడు డిగ్రీల తేడా ఎందుకొచ్చిందో నేనున్న నెల్లాళ్లలో తేల్చేస్తారని బూట్లు విప్పుకునేలోపే అర్థమైంది.

మీ బంధువుల్లోనూ ఇలాంటివాడు ఒకడుండే ఉంటాడు. మా బావగారు ఇక్కడున్న రోజుల్లో ట్రాన్సిస్టర్ విప్పారు, స్కూటర్ కార్బురేటర్ విప్పారు, అక్కకి పెళ్లిలో పెట్టిన మిక్సీ విప్పారు. మిక్సీ అలా విప్పినట్టే ఉండిపోయింది. అమెరికా వెళ్లాక విప్పడానికేమీ దొరక్క చాలాకాలం దిగాలుపడి ఉండేవారట. అదిగో, అప్పుడొచ్చింది స్మార్ట్ థర్మోస్టాట్.

హాల్లో గోడమీద గుండ్రటి బిళ్ల, ఇంటిని వెచ్చబెట్టే గ్యాసు పొయ్యికి ఎప్పుడు వెలగాలో చెప్పేది. దాన్ని ఒక చిన్న కంప్యూటరుకీ, ఆ కంప్యూటర్ని తన ఫోనుకీ కలిపారు. ఇక ఆ ఇంట్లో చలికీ ఒంటికీ సంబంధం తెగిపోయింది. అక్క "చలేస్తోందండీ" అంటే ఆయన జేబులోంచి ఫోను తీసి చూసి, "వెయ్యట్లేదే!" అంటారు.

నేనున్న జనవరిలోనే గ్యాసు గొడవ జరిగింది. వారం రోజులు ఎప్పుడు చూసినా ఫోనులో "హీట్" అనే ఉంది. అంటే పొయ్యి రాత్రీ పగలూ మండుతోందన్నమాట! తలుపెవరు తీశారని అందర్నీ నిలదీశారు. స్నానాల గది ఫ్యాను నేనే వదిలేశానని ఒప్పించారు కూడా. చివరికి ఒక రాత్రి రెండింటికి, టార్చి పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని బేస్‌మెంట్లోకి దిగారు. పొయ్యి చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఫోనులో మాత్రం హీట్.

అరగంట తరవాత తెలిసింది. హీట్ అన్నది మోడ్, అంటే వేడి చెయ్యడానికి అనుమతి మాత్రమే. నిజంగా మంట వెలుగుతోందా లేదా అన్నది వేరే గడిలో ఉంటుంది. వెలుగుతుంటే "హీటింగ్", లేకపోతే "ఐడిల్". ఈయన వారమంతా మొదటి గడినే పెట్టుకుని కూర్చున్నారు. ముప్ఫయ్యేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, నాకు చప్పున తలకెక్కింది. రిజిస్టర్లో సంతకం ఉండటం వేరు, సీట్లో మనిషి ఉండటం వేరు.

"71 పెడితే 72 చేస్తోంది" అన్నది తరవాతి ఫిర్యాదు. ఈయన కంప్యూటర్లో సెల్సియస్ పెట్టుకున్నారు, గోడమీద ఫారెన్‌హీట్. 71 అంటే 21.67. కంప్యూటరు దాన్ని సుబ్బరంగా 22 చేసింది. 22ని మళ్లీ వెనక్కి తిప్పితే 71.6. గోడమీది బిళ్ల దాన్ని 72 చేసుకుంది. పైగా ఆ కబురు హాల్లోంచి హాల్లోకే అయినా తిన్నగా రాదు. కంపెనీవాళ్ల సర్వరు దాకా వెళ్లి, ఈయన కంప్యూటరు ఐదు నిమిషాలకోసారి అడిగితే తిరిగొస్తుంది. ఈలోపు అంకె మారలేదని ఈయన ఇంకో రెండుసార్లు నొక్కుతారు. అందరం స్వెట్టర్లు విప్పుకుంటాం.

అప్పుడప్పుడూ ఫోనులో బిళ్ల మాయమయ్యేది. దానికి సరిగ్గా కరెంటందడం లేదని తేల్చి, మెయిన్ ఆపి, బిళ్ల ఊడదీశారు. ఎర్ర తీగ ఆర్ దగ్గర, తెల్లది డబ్ల్యూ దగ్గర బుద్ధిగా ఉన్నాయి. నీలం తీగ మాత్రం ఎవరికీ అక్కర్లేనట్టు గోడలోకి మడిచేసి ఉంది. దాన్ని ఇక్కడా, కింద పొయ్యిలోనూ సి అన్నచోట బిగిస్తే సరి. "24 వోల్టులేనోయ్, ఏం కాదు" అంటూనే ఆ తీగని నాచేత పట్టించారు. రెండు గంటలు పట్టింది. అక్క కోటేసుకుని ఉప్మా కలిపింది.

అసలు థర్మోస్టాట్ ఎలా పుట్టిందో ఆ రెండు గంటల్లోనే చెప్పారు. విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే పంతులుగారు పాఠం చెబుతుంటే, గది వేడి చూడటానికి నౌకరు మాటిమాటికీ లోపలికొచ్చేవాడట. ఆ బాధ పడలేక కరెంటు థర్మోస్టాట్ కనిపెట్టి 1883లో పేటెంటు తీసుకున్నారు. ఎవరూ గదిగదికీ తిరగక్కర్లేకుండా పుట్టిన వస్తువు కోసం మా బావగారు జేబులో మూడు థర్మామీటర్లేసుకుని గదిగదికీ తిరుగుతున్నారు. ఈ మాట ఆయనతో అనలేదు. చేతిలో తీగ ఉంది.

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలింది. గాలి వీచిన రోజున బిళ్ల మీద అంకె ఉన్నదానికన్నా రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. మూడు వారాల గ్రాఫులు గీశారు. ఒక సాయంత్రం అక్క దేవుడి గదిలోంచి వస్తూ, బావగారు మళ్లీ ఊడదీసిన బిళ్ల వెనక తీగలొచ్చే కన్నం దగ్గర అరచెయ్యి పెట్టి, "ఇక్కణ్ణుంచి ఐసుగాలొస్తోంది కదండీ" అంది. గోడలోపలి చలినంతా ఆ బిళ్ల ఇంటి చలి అనుకుంటోంది. అక్క వెనక్కెళ్లి వత్తుల పత్తి కాస్త తెచ్చి కన్నంలో కుక్కింది. అంకె సరిపోయింది. ఆ రాత్రి బావగారు పిల్లలకి ఫోను చేసి, "క్యాలిబ్రేట్ చేశాను" అని చెప్పారు. అక్క నావైపు చూసింది, నేను సీలింగు వైపు చూశాను.

ఇదంతా బెజవాడ తిరిగొచ్చాక నవ్వుకుంటూ రాయాలనుకున్నాను. కానీ వస్తూనే నేను చేసిన పని, డాబామీది ట్యాంకుకి నీటిమట్టం చూపించే పరికరం పెట్టించడం. వంటింటి గోడమీద నాలుగు పచ్చలైట్లు. రోజూ ఉదయం వాటిని ఫొటో తీసి బావగారికి పంపుతున్నాను, ఆయన తన హాలు అంకె పంపుతున్నారు. నిన్న పొద్దున్న మా ఆవిడ అంట్ల దగ్గర్నుంచి, "ఏమండీ, కుళాయిలో చుక్క రావట్లేదు" అని కేకేసింది.

"వస్తున్నాయే! నాలుగు లైట్లూ వెలుగుతున్నాయి" అన్నాను.