పాస్‌వర్డ్ మేనేజర్ వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పాస్‌వర్డ్ మేనేజర్ గారికి,
ప్రైవసీ అండ్ సెక్యూరిటీ వీధి, సెట్టింగ్స్ పేట, థండర్‌బర్డ్ ఈమెయిల్ సంస్థానం.

విషయం: గుర్తుపెట్టుకుంటానని మాటిచ్చి మళ్లీ అడగడం గురించి.

అయ్యా,

విన్నవించుకునేది ఏమనగా, తమరి బాక్సులో గుర్తుపెట్టుకోమని టిక్కు పెట్టిన జనం ఆ పాస్‌వర్డ్‌ను హాయిగా మరిచిపోతారు. అందుకే కదా టిక్కు పెట్టింది! అలాంటివాళ్లను ఓ పొద్దున్నే ఆపి, లాగిన్ కుదరలేదు, పాస్‌వర్డ్ చెప్పమంటే ఎక్కణ్నుంచి తెస్తారు?

తమరికి మతిమరుపని ఎవరూ అనడం లేదు. చిక్కంతా తమరి జ్ఞాపకశక్తితోనే. బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ మార్చుకుని వచ్చినా తమరు సర్వర్‌కు పాతదే అప్పజెబుతారు. పైగా ఒక్క అకౌంటుకు రెండు పద్దులు రాస్తారు: వచ్చే మెయిల్‌కు ఐమ్యాప్ పద్దు, పోయే మెయిల్‌కు ఎస్‌ఎంటీపీ పద్దు. కొత్తది ఐమ్యాప్ పద్దులోనే ఎక్కితే ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, జవాబులు మాత్రం గడప దాటవు. ఆఫీసు గుమస్తా పాపం ఇంటర్నెట్‌వాణ్ని తిట్టుకుంటాడు. సేవ్‌డ్ పాస్‌వర్డ్స్ జాబితాలో ఆ రెండు పద్దులూ కొట్టేసి, ప్రోగ్రాం మూసి తెరిస్తే తమరే కొత్తది అడుగుతారు. ఈ ముక్క ఆ బాక్సులోనే రాస్తే తమరి సొమ్మేం పోతుంది?

ఇక జీమెయిల్ వాళ్ల కథ. 2022 మే 30 నుంచి మామూలు అకౌంట్లలో వట్టి పాస్‌వర్డ్‌తో వచ్చే బయటి ప్రోగ్రాంలను వాళ్లు గుమ్మం ఎక్కనివ్వడం మానేశారు. అసలు పాస్‌వర్డ్‌ను అక్షరం పొల్లుపోకుండా కొట్టినా చెల్లదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో అథెంటికేషన్ పద్ధతిని ఓఆథ్2కు మార్చాలి, ఎస్‌ఎంటీపీకి విడిగా ఇంకోసారి. అందుకు కుకీలను కూడా అనుమతించాలి. ఉత్తరాలు చదువుకునేచోట కుకీలతో పనేమిటని ఆపేసిన జాగ్రత్తపరులు అక్కడే చిక్కుకుంటారు. లేదంటే రెండంచెల తనిఖీ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తెచ్చుకోవాలి. గూగుల్ పాస్‌వర్డ్ మార్చిన రోజున అదీ రద్దవుతుంది.

పాస్‌వర్డ్ పాతబడినా, పద్ధతి కుదరకపోయినా తమరు చాలాసార్లు అడిగేది మాత్రం ఒకటే, పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నవాడు కూడా తప్పు తనదే అనుకుంటాడు. మార్చనక్కర్లేని పాస్‌వర్డ్ మార్చి పారేస్తాడు. దాంతో అప్పటిదాకా బాగానే ఉన్న ఫోన్‌లో మెయిల్ కూడా ఆగుతుంది.

కొత్త కంప్యూటర్ కొన్నవాళ్ల గోడు వేరే. తమరు దాచేది లాగిన్స్.జేసన్ అనే ఫైల్లో, దాన్ని విప్పే తాళంచెవి కీ4.డీబీలో. మొదటిదొక్కటే కాపీ చేసుకోవడమంటే ఇనప్పెట్టె మోసుకొచ్చి తాళంచెవి పాత ఇంట్లో వదిలేయడమే.

కావున, లాగిన్ కుదరనప్పుడు సర్వర్ ఏ కారణం చెప్పిందో ముందు దాన్ని చూపించి, పాస్‌వర్డ్ సంగతి ఆ తర్వాత అడగవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
రీట్రై బటన్ నొక్కి నొక్కి వేలరిగిన ఒక వినియోగదారుడు

తా.క.: దాచినవాటన్నిటికీ తాళం వేసే ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టకపోతే ఆ కంప్యూటర్ చేతికి చిక్కినవాళ్లు వాటిని చదివేసే ప్రమాదం ఉంది. పెట్టి మరిచిపోతే రీసెట్ చేయాలి, చేస్తే దాచినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. దీన్నొక్కదాన్ని తమరు గుర్తుపెట్టుకోరు కాబట్టి, చీటీ ఎక్కడ అంటించుకోమంటారో సెలవివ్వగలరు.