మూడు నెలల జర్మనీ

సత్యనారాయణపురంలో మా ఎదురింటి కుర్రాడు వెళ్లేముందు "వెళ్లొస్తా బాబాయిగారూ" అని కాళ్లకు దణ్ణం పెట్టాడు. వచ్చాక "హలో" అన్నాడు. మధ్యలో గడిచింది మూడు నెలలు. ఊరు ఆఖెన్.

వరంగల్ నిట్‌లో మూడో ఏడు అవగానే 'డాడ్' వాళ్ల వైజ్ ఇంటర్న్‌షిప్ వచ్చింది. డాడ్ అంటే జర్మనీ వాళ్ల విద్యా మార్పిడి సంస్థ. "ఖర్చు డాడ్ పెట్టుకున్నాడటగా" అని మా ఆవిడ అంటే, "అవునమ్మా, నేనే" అని వాళ్ల నాన్న ఛాతీ విరిచారు.

వచ్చిన మర్నాడే నేను ఖాళీ నీళ్లసీసా పారేయబోతుంటే వాడు గుండె బాదుకున్నాడు. అక్కడ సీసా తిరిగిస్తే 25 సెంట్లు ఇస్తారు. మన డబ్బుల్లో ఎంతో పైసలతో సహా లెక్కగట్టి చెప్పాడు. ఆదివారం వాళ్లమ్మ కరివేపాకు తెమ్మంటే, "మా దగ్గర ఆదివారం షాపులు తీయరు" అని ముసుగుతన్నాడు. కరివేపాకు మా పెరట్లోంచి వెళ్లింది.

రైళ్ల సంగతి ఎత్తారో, ఇక ఆపలేరు. అక్కడ బండి నిమిషం తప్పదట! 2024లో అక్కడి దూరప్రయాణపు రైళ్లు వేళకు చేరింది 62.5 శాతమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కిందే లెక్కెయ్యకుండా. ఈ ముక్క నేనంటే, "అవి ఒట్టి లెక్కలు బాబాయిగారూ" అన్నాడు. చూశారా, ఓడిపోయేటప్పుడు వరస గుర్తొచ్చింది.

క్యాంపస్ ఇంటర్వ్యూలకు రాసుకున్న రెజ్యూమెలో 'గ్లోబల్ ఎక్స్‌పోజర్' అని మూడుచోట్ల వేశాడు. ఎదుట కూర్చున్న పెద్దాయన అదంతా చూసి, "సరే, అక్కడ ఏం పాడుచేశావు?" అని అడిగారట.

మనవాడి నోరు పడిపోయింది. పాడుచేసింది నిజమే మరి. సెన్సర్‌కి కాలిబ్రేషన్ చెయ్యడం మరిచిపోయి పదిరోజుల రీడింగులు తప్పుగా తీశాడు. రెండ్రోజులు నిద్రలేక, చివరికి తనే ప్రొఫెసర్ గదికెళ్లి ఒప్పుకున్నాడు. ఆయన తిట్టలేదు, పొగడలేదు. "మళ్లీ తియ్యి" అన్నాడు. మళ్లీ తీశాడు. వీధిలో ఇన్ని కోతలు కోసినవాడు ఈ ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు. ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలూ దాని మీదే నడిచింది. సీసాల గురించి ఒక్కరూ అడగలేదు.

ఉద్యోగం పుణెలో. నిన్న స్వీట్లు పట్టుకొచ్చాడు. మేం తినేదాకా నిలబడి, ఖాళీ డబ్బా వెనక్కి తీసుకుపోయాడు.